హడ్సన్ క్లచ్‌లో నూనె

తాండూరులో కైలాసం సేటు ఇంటి కారులోకి ఎవరూ ఎక్కరు, దిగుతారు. తలుపు తీసి, గడపంత ఎత్తున్న అంచు దాటి, కాలు కిందికి పెట్టి కూర్చోవాలి. తక్కిన అమెరికా కంపెనీలన్నీ చాసిస్ మీద ఫ్లోరు పరుస్తున్న రోజుల్లో హడ్సన్ వాళ్లు ఫ్లోరును చాసిస్ నడుమకు దించేశారు. కొత్తవాళ్లకు ఈ సంగతి తెలియక మోకాలు కొట్టుకునేవారు. అప్పుడు మత్తయ్య, "చూసి దిగుండ్రి సార్, ఇది నలభై ఎనిమిది కమోడోర్" అని మొదలుపెట్టేవాడు. ఇక ఆ మనిషి అడిగినా అడక్కపోయినా, ఒకే వరుసలో నిలబడ్డ ఎనిమిది సిలిండర్ల గురించి, దీనికి ముందొచ్చిన టెర్రాప్లేన్ గురించి, తర్వాతొచ్చిన హార్నెట్ గురించి మొత్తం వినాల్సిందే. ముప్పై ఏడేళ్లుగా ఆ బండికి అతనే మెకానిక్కు, అతనే డ్రైవరు, అడిగితే పురోహితుడు కూడా.

సోమవారం పొద్దున మాత్రం అతనికి ఆ సరదా తీరలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన శివశంకర్ తలుపు తీసి, అంచు దాటి, నెమ్మదిగా కాలు కిందికి పెట్టి, మోకాలు ఎక్కడా తగలకుండా కూర్చున్నాడు. "స్టెప్ డౌన్," అని తనలో తాను అనుకున్నట్టు నవ్వాడు. మత్తయ్య నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

శివశంకర్‌కు ముప్పై ఐదేళ్లుంటాయి. పాత కార్లను కొత్తగా చేసి ఇవ్వడం అతని పని. వచ్చే నెల హైదరాబాద్‌లో జరిగే పాత కార్ల ప్రదర్శనకు హడ్సన్‌ను పంపాలని సేటు కొడుకు గిరీష్ అతన్ని పిలిపించాడు. కారు పప్పు మిల్లు వాకిట్లో రేకుల పందిరి కింద ఉంది. చుట్టూ హమాలీలు కందుల బస్తాలు దించుతున్నారు. పందిరికి కొంచెం దూరంలో, గుమాస్తాల గది ముందు, ఎనభై నాలుగేళ్ల కైలాసం సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిల్లు చప్పుడులో ఆయనకు ఏ మాటా సరిగా వినిపించదు గాని, అన్నీ చూస్తుంటాడు.

శివశంకర్ నీలం చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటీ చూశాడు. బ్రేకు తొక్కి చూస్తుంటే మత్తయ్య ఉండబట్టలేక, "నూనె బ్రేకు ఫెయిలైనా ఫికర్ లేదు సార్. పెడల్ ఇంక కిందికి పోయి తీగతోని ఎనుక చక్రాలను పట్టుకుంటది," అన్నాడు.

"తెలుసు పెద్దాయనా. డ్యూయో ఆటోమేటిక్. చదివాను."

అన్నీ చదివినవాడే. మత్తయ్యకు అతని మీద కొంచెం గౌరవం కలిగింది, కొంచెం కడుపు మండింది. రెండూ ఒకేసారి కలిగితే మనిషికి ఎటు చూడాలో తోచదు. పాత గుడ్డ తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

అంతలో శివశంకర్ బండి కిందికి దూరాడు. ఫ్లైవీల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ చిన్న బోల్టు ఒకటి విప్పాడు. తొట్టిలో నల్లటి నూనె బొట్లు బొట్లుగా పడింది. అతను బయటికి వచ్చి తొట్టిని గిరీష్ ముందు పెట్టాడు.

"గిరీష్ గారూ, ఇది క్లచ్‌లోంచి వచ్చింది."

గిరీష్ తొట్టిలోకి చూసి, మత్తయ్య వైపు చూశాడు. "గిదేంది మత్తయ్యా?"

"క్లచ్ నూనె సేటు."

"క్లచ్‌ల నూనె ఎక్కడన్న ఉంటదా?"

బస్తాలు దించుతున్న వాళ్లలో ఇద్దరు ఆగారు. వాళ్లకూ ట్రాక్టర్లు తెలుసు, లారీలు తెలుసు. క్లచ్ ప్లేటుకు నూనె అంటితే బండి జారుతుందని, దాన్ని పెట్రోలుతో కడగాలని ఆ వాకిట్లో తెలియని వాడు లేడు.

"దీనికి ఉంటది సేటు. దీని ప్లేటుకు బిరడాలుంటయి. సీసాకు పెడ్తం సూడు, గా బిరడాలే. నూనెల నానుతుంటెనే మెత్తగ పట్టుకుంటయి. ఎండినయంటె కాలిపోతయి."

ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది మత్తయ్యకు. ఒక హమాలీ కిసుక్కుమన్నాడు.

శివశంకర్ నవ్వలేదు, అదొక్కటీ మేలు. "నేను ఎనిమిది అమెరికన్ బండ్లు చేశాను పెద్దాయనా. ప్లిమత్, డాడ్జ్, షెవ్రొలెట్. ఏ క్లచ్‌లోనూ సీసా బిరడాలు చూడలేదు. గేర్‌బాక్స్ సీలు పోయి నూనె కారింది. మీరు చూసుకోలేదు. దాన్ని దాచడానికి కథలెందుకు?"

"కథ కాదు సార్…"

"ఇగ చాలు," అన్నాడు గిరీష్. గొంతు పెంచలేదు. "నీకు చూపు ఆనుతలేదు మత్తయ్యా. చేతులు గూడ వణుకుతున్నయి. ఏదో మా నాయిన మొఖం చూసి ఇన్ని రోజులు ఊకున్న. తాళంచెవి గాడ పెట్టు. ఇగ నువ్వు రాకు."

మత్తయ్య చేతులు వణకలేదు. కావాలని అందరికీ కనబడేలా చెయ్యి చాచి, తాళంచెవిని కారు ముందుభాగం మీద పెట్టాడు. కైలాసం సేటు వైపు చూశాడు. ఆయన కూడా ఇటే చూస్తున్నాడు. మత్తయ్య సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కు నడిచాడు.

తన ఇల్లుండే వికారాబాద్ పోయే రైలుకు ఇంకా గంట ఉంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటే అవమానం మెల్లగా ఒంటికి పట్టింది. హమాలీ నవ్విన నవ్వు ఒక్కటే పదే పదే వినబడింది. ఆ వాకిట్లోనే, ఆ మనుషుల ముందే ఎవరైనా "మత్తయ్య తప్పు లేదు" అని చెప్పేదాకా ఆ నవ్వు పోదని అనిపించింది. ఆ మాట దక్కకపోతే తను చేసిన ముప్పై ఏడేళ్ల పని చెడిపోయినట్టే.

అలా అనుకుంటుండగా ఇంకో సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే, అది ఎన్నడూ మరవలేదు. "క్లచ్‌ల నూనె ఎక్కడన్న ఉంటదా?" అనే మాట ఆ వాకిట్లో మొదటిసారి అన్నది తనే. అప్పుడు తనకు ఇరవై నాలుగేళ్లు, చేతిలో ఐటీఐ సర్టిఫికెట్టు. ఎదురుగా తల వంచుకుని నిలబడ్డవాడు పాత మెకానిక్కు ఈరయ్య. ఆ రోజు కూడా తాళంచెవి కారు ముందుభాగం మీదే పెట్టించారు.

మత్తయ్య లేచి కుళాయి దగ్గర నీళ్లు తాగాడు. రైలు వచ్చేదాకా మళ్లీ కూర్చోలేదు.

*

గురువారం మధ్యాహ్నం వికారాబాద్‌లో మత్తయ్య ఇంటి ముందరి రిపేరు షెడ్డు దగ్గరికి ఒక ట్రాలీ వచ్చి ఆగింది. దాని మీద హడ్సన్. ట్రాలీ ముందు సీటులోంచి శివశంకర్ ఒక్కడే దిగాడు. మత్తయ్య ఆటో చక్రం విప్పుతూ కూర్చున్నవాడు లేవలేదు. లేవకపోయినా ముక్కు పని చేస్తుంది కదా. కట్టె మాడిన వాసన అంత దూరం నుంచే తెలిసింది.

"అనంతగిరి ఘాట్ ఎక్కించినవా సార్?"

"రెండో మలుపు దాకా ఎక్కింది. తర్వాత అదిరింది, పొగ వచ్చింది." శివశంకర్ ఖాళీ డబ్బా బోర్లించి ఎదురుగా కూర్చున్నాడు. "అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఫోన్లో వెతికి చదివాను. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. బిరడాలు, నూనె, అన్నీ. నేను పెట్రోలు పోసి కడిగేశాను."

మత్తయ్య చక్రం నట్టు విప్పి పక్కన పెట్టాడు.

"నన్ను క్షమించండి. మీకు తప్ప ఇది ఎవరికీ రాదు. గిరీష్ గారికి ప్లేటు పాతబడిందని, శనివారానికి తెస్తానని చెప్పాను. మీరు బాగు చేసి ఇవ్వండి. బిరడాలు అరిగిపోయాయని అందాం. ఎవరి తప్పూ లేకుండా పోతుంది."

"ఎవరి తప్పు లేకుంట ఎట్ల పోతది సార్? నా మీద ఉన్నది నా మీదనే ఉంటది గద."

మత్తయ్య చేతిలోని పానా కింద పెట్టాడు.

"నేను చేస్త. కాని గా వాకిట్లనే, గా హమాలీల ముంగట నువ్వు చెప్పాలె. క్లచ్‌ల నూనె ఉండాలె, మత్తయ్యది తప్పు లేదు అని. ఫోన్ల చెప్పుడు కాదు."

శివశంకర్ మనసులో లెక్క వేసుకున్నాడు. అట్లా చెబితే గిరీష్ దగ్గరే కాదు, పాత కార్లున్న వాళ్లందరి దగ్గరా ఆ మాట తిరుగుతుంది. ఎనిమిది బండ్లు చేసినవాడు తొమ్మిదో బండి క్లచ్ కాల్చేశాడని చెప్పుకుని నవ్వుతారు. అయినా చివరికి, "చెప్తాను," అన్నాడు. వెంటనే చొక్కా చేతులు మడిచాడు. మత్తయ్యకు అతని మీద ఉన్న మంట సగం అక్కడే చల్లారింది.

గేర్‌బాక్స్ దించి ప్లేటు బయటికి తీసేసరికి సాయంత్రమైంది. పళ్లెమంత ఇనప ప్లేటుకు వరుసలు వరుసలుగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక బిరడా. అన్నీ నల్లగా మాడి, గోరుతో గీకితే రాలిపోతున్నాయి. మత్తయ్య కూతురు నిరోషా అప్పుడే పని నుంచి వచ్చింది. ఆమె డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటుంది.

"బిడ్డా, మీ ల్యాబుకు బిరడాలు తెచ్చే దుకాణమేది? రబ్బరువి కాదు, చెట్టు బెరడువి. నూట ఇరవై గావాలె."

నిరోషా హడ్సన్‌ను చూసింది, శివశంకర్‌ను చూసింది. "వీళ్లేనా నాయినా నిన్ను పొమ్మన్నది? మళ్ల వీళ్ల బండే చేస్తున్నవా?"

"వీళ్లే."

"నాకు తెల్వదు దుకాణం."

"తెల్వకుంటె మీ ప్రిన్సిపాల్‌ను అడుగుత పో."

ఆమె విసురుగా లోపలికి పోయింది. కాసేపటికి ఫోన్లో ఎవరితోనో "మంచి రకం, పగుళ్లు లేనివి" అంటూ మాట్లాడడం వినబడింది.

శుక్రవారం రోజంతా ఆ పనే. బిరడాలను వేడినీళ్లలో ఉడికించి, మెత్తబడగానే ఒక్కొక్కటీ గరాటు లాంటి ఇనప ముక్కలోంచి రంధ్రంలోకి నొక్కాలి. లోపలికి పోయాక మళ్లీ విచ్చుకుని బిగుసుకుంటాయి. మొదటి పది శివశంకర్ చేతిలో చితికిపోయాయి. "తోసుడు కాదు సార్, కూసోబెట్టాలె," అని మత్తయ్య అతని బొటనవేలు పట్టుకుని చూపించాడు. పదకొండోది కూర్చుంది. ఇద్దరూ కలిసి నూరు దాటించారు.

సాయంత్రం నున్నటి తాండూరు బండ మీద గరుకు కాగితం పరిచి, ప్లేటును రెండు పక్కలా రుద్దారు. ఒక్క బిరడా ఎత్తుగా ఉన్నా క్లచ్ అదురుతుంది. మత్తయ్య స్కేలు ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి, కన్ను చికిలించి చూసేవాడు. చూపు ఆనని మనిషి చూసే చూపు కాదు అది.

"ఇదంతా మీకు ఎవరు నేర్పారు?" అని అడిగాడు శివశంకర్.

"బండే నేర్పింది."

"నేను చేసినట్టు మీరెప్పుడూ చేసి ఉండరు."

స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగింది. మత్తయ్యకు నోరు తెరవాలనిపించింది. రేపు తన పేరు కడిగి ఇవ్వబోతున్న మనిషి ముందు తన బురద తానే చూపించుకోవడమేమిటని కూడా అనిపించింది. "జర గా బండ మీద నీళ్లు చల్లు సార్," అన్నాడు.

పలచటి నూనెలో కిరోసిన్ కలిపి, చిన్న టీ గ్లాసుడు క్లచ్‌లో పోసి బోల్టు బిగించేసరికి బాగా చీకటి పడింది. నిరోషా ఇద్దరికీ అన్నం పెట్టింది. శివశంకర్‌కు కూర కొంచెం తక్కువే వేసింది.

*

శనివారం పదకొండింటికి హడ్సన్ మిల్లు గేటులోంచి లోపలికి వచ్చింది. మత్తయ్య నడుపుతున్నాడు. గేరు మారినప్పుడు బండి ఏ మాత్రం అదరలేదు. గిరీష్ పందిరి దగ్గరికి వచ్చి, నడుపుతున్న మనిషిని చూసి ఆగాడు. హమాలీలు కూడా ఆగారు. సోమవారం నవ్వినవాడు భుజాన బస్తాతోనే నిలబడ్డాడు. మిల్లు కాసేపు ఆపినట్టుంది, వాకిలి నిశ్శబ్దంగా ఉంది. కైలాసం సేటు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

మత్తయ్యతో పాటు శివశంకర్ కారు దిగి ముందుకు వచ్చాడు. "గిరీష్ గారూ, నేను ఒక మాట చెప్పాలి. అందరూ వినాలి."

మత్తయ్య అయిదు రోజులుగా ఎదురుచూసింది ఈ మాట కోసమే. ఇక నోరు మూసుకుని నిలబడితే చాలు. కానీ శివశంకర్ మెడ మీద చెమట కనబడింది. తప్పు చేసి, వారం తిరక్కుండానే, బతిమాలకుండా, నలుగురి ముందు ఒప్పుకోబోతున్న మనిషి అతను. తనకన్నా పాతికేళ్లు చిన్నవాడు. మత్తయ్యకు పట్టరాని సిగ్గు వేసింది.

"జర ఆగు సార్. ముందుగాల నాది చెప్పనియ్యి," అన్నాడు.

నేరుగా కైలాసం సేటు కుర్చీ దగ్గరికి పోయి, ఆయనకు వినబడేలా గట్టిగా చెప్పాడు. "సేటూ, ఈరయ్య తప్పు చెయ్యలే. క్లచ్‌ల నూనె ఉండాలె. నాకు తెల్వక ఆయన మీద చెప్పిన. నేను నూనె తీసి పెట్రోల్‌తోని కడిగిన, బిరడాలు కాలిపోయినయి. మందుసీసాల బిరడాలు తెచ్చి మల్ల పెట్టుకున్న. నీకు ప్లేటు మార్చిన అని చెప్పిన."

సేటు అతని ముఖంలోకి చూశాడు. "ఈరయ్యను నేనే పొమ్మన్న గద."

"అవు సేటు. నేను చెప్తె పొమ్మన్నవు."

"నీకు ఎన్నడు తెలిసింది?"

"పన్నెండు దినాలకే."

ఈ జవాబు వాకిట్లో అందరికీ వినబడింది. సేటు చేతికర్ర మీద వేళ్లు బిగించాడు. "పన్నెండు దినాలు. అప్పుడే చెప్తె నేను మనిషిని పంపి పిలిపిస్తుంటి గద మత్తయ్యా."

"నన్ను పొమ్మంటవని భయమైంది సేటూ."

వెనకనుంచి శివశంకర్ తన మాట చెప్పాడు. క్లచ్ కాల్చింది తనేనని, మత్తయ్య చెప్పిందే నిజమని, మాట తప్పకుండా అంతా చెప్పాడు. ఎవరూ వినలేదు. గిరీష్, హమాలీలు, గుమాస్తాలు అందరూ మత్తయ్యనే చూస్తున్నారు. సోమవారం అతన్ని చేతగానివాడిలా చూసిన కళ్లు ఇప్పుడు ఇంకోలా చూస్తున్నాయి. ఇది అంతకన్నా కష్టంగా ఉంది. కానీ ఈ చూపులో అన్యాయం లేదు గనక తల వంచుకుని భరించాడు.

కైలాసం సేటు కర్ర ఆనించి లేచాడు. "బండి తియ్యి. బొంరాస్‌పేటకు పోదాం."

"నాయినా, ఈరయ్య సచ్చిపోయి పదమూడేండ్లాయె," అన్నాడు గిరీష్.

"ఆయన పెండ్లాం ఉన్నది గద," అన్నాడు ముసలాయన. గిరీష్ ఏమనుకున్నాడో గాని, కారు తలుపు తీసి పట్టుకుని, తండ్రి కాలు అంచు దాటేదాకా చెయ్యి అందించాడు. తర్వాత మత్తయ్య వైపు చూడకుండానే, "నిదానంగ పోండ్రి," అన్నాడు.

కొడంగల్ దాటారు. ఎనిమిది సిలిండర్లూ ఒకే తీరుగా గుసగుసలాడుతున్నాయి. మామూలు రోజైతే మత్తయ్య ఆ చప్పుడుకు మురిసిపోయేవాడు.

బొంరాస్‌పేటలో ఈరయ్య ఇల్లు అడిగితే ఒకామె చూపించింది. సందు ఇరుకుగా ఉంది, కారు లోపలికి పోదు. సేటు కారులోనే ఉండిపోయాడు. "ముందు నువ్వు పో," అన్నాడు.

ఈరయ్య భార్య చంద్రవ్వ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. మనిషి బాగా వడలిపోయింది గాని వేళ్లు చురుగ్గా ఉన్నాయి.

"అవ్వా, నేను మత్తయ్యను. తాండూరు సేటు కారు నడిపే మత్తయ్యను."

వేళ్లు ఆగాయి. ఆమె తలెత్తి చూసింది.

అతను నిలబడే అంతా చెప్పాడు. క్లచ్ సంగతి, నూనె సంగతి, పన్నెండు రోజుల సంగతి. ఆమెకు అర్థమవుతుందో లేదో అని రెండుసార్లు చెప్పబోతే చెయ్యి ఊపి ఆపింది.

"ఎరికే," అంది.

"ఎట్ల ఎరుక అవ్వా?"

"ఆయనే చెప్పిండు. తాండూరు నుంచి ఎవరొచ్చినా, సేటు కారు నడుస్తుందా అని అడిగెటోడు. నడుస్తుందంటె నవ్వెటోడు. నూనె లేకుంటె అది నడువది, ఆ పోరడు పోస్తుండు, పోరనికి తెలిసింది అనెటోడు." చంద్రవ్వ చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "తెలిసినోడు ఇయ్యాలో రేపో వస్తడు, తిట్టకు, కాళ్లకు నీళ్లియ్యి అనె. ఎన్నేండ్లు చూసిండో నీ కోసం. ఆఖరికి మంచం పట్టినంక గూడ బస్సు సప్పుడైతె తలుపు దిక్కు చూసెటోడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని మత్తయ్యకు అనిపించింది.

చంద్రవ్వ చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు కింద పెట్టింది. మత్తయ్య చెప్పులు విడిచాడు గాని ఆ చెంబు అందుకోలేకపోయాడు. తాండూరు నుంచి ఇక్కడికి రావడానికి వాళ్లకు ఒక్క గంటే పట్టింది.